వెంట్రుకవాసి ఎడం: స్పార్క్ ప్లగ్గుల కొలతను ఇంటి వద్ద సరిచూసుకోవడం

పెట్రోలుతో నడిచే ప్రతి కారు ఇంజనులోనూ, ఒక్కొక్క సిలిండరు నెత్తిన, మిల్లీమీటరుకు అటూ ఇటూగా వెడల్పుండే ఖాళీ జాగా ఒకటి ఉంటుంది. అందులో ఏ యంత్రభాగమూ లేదు. గాలీ, పెట్రోలు ఆవిరీ కలిసిన మిశ్రమం తప్ప మరేమీ లేదు. అయినా ఇంజను చేసే పని అంతా ఆ ఖాళీ సరియైన కొలతలో ఉండడం మీద ఆధారపడి ఉంది. స్పార్క్ ప్లగ్గు కొనన ఉండే రెండు లోహపు మొనల మధ్య దూరమే ఈ ఖాళీ. మెకానిక్కులు దీనిని 'గ్యాప్' అంటారు. తెలుగులో 'ఎడం' అనే మాట దీనికి చక్కగా సరిపోతుంది.

అమెరికాలో ఈ ఎడాన్ని అంగుళంలో వెయ్యోవంతులుగా కొలుస్తారు. చాలా కార్లలో అది 0.028 నుంచి 0.060 అంగుళం దాకా ఉంటుంది. ఉదాహరణకు 0.044 అంగుళం అంటే సుమారు 1.1 మిల్లీమీటరు. మనిషి తలవెంట్రుక మందం దాదాపు 0.003 అంగుళం కాబట్టి, పదిహేను వెంట్రుకలు పక్కపక్కన పేర్చినంత దూరం అన్నమాట. ప్లగ్గును సవరించవలసి వచ్చినప్పుడు ఆ తేడా తరచు ఒకటి రెండు వెంట్రుకల మందమే. 'వెంట్రుకవాసిలో తప్పింది' అనే నానుడి ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఓపిక గల గృహస్థు ఎవరైనా ఒక శనివారం ఉదయం ఈ పని ముగించుకోగలరు. అయితే తొందరపడిన చెయ్యి, కొద్ది డాలర్ల ప్లగ్గును బిగించబోయి వేల డాలర్ల ఇంజనుకు ముప్పు తేగలదు కూడా. అందుచేత 'ఎలా చెయ్యాలి' అన్నదానికి ముందు 'ఎందుకు' అన్నది తెలియడం మంచిది.

రవ్వ పుట్టే విధం

కారు బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ఆ శక్తి గాలిలో ఒక మిల్లీమీటరును కూడా దాటలేదు. దానిని వేల రెట్లకు పెంచే పరికరం ఇగ్నిషన్ కాయిల్. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే దీనికి మూలం. కాయిల్‌లో తక్కువ చుట్లు గల లావు తీగ ఒకటి, వేలాది చుట్లు గల సన్నని తీగ ఒకటి ఉంటాయి. లావు తీగలో పారే విద్యుత్తును హఠాత్తుగా ఆపివేస్తే, దాని చుట్టూ ఏర్పడిన అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. ఆ కూలుబాటు సన్నని తీగలో ఇరవై నుంచి నలభై వేల వోల్టుల దాకా పుట్టించగలదు.

గాలి సహజంగా విద్యుత్తును అడ్డగించే పదార్థం. ఆరుబయట ఒక మిల్లీమీటరు గాలిని ఛేదించడానికి మూడు నాలుగు వేల వోల్టులు చాలు. కాని సిలిండరులో పరిస్థితి వేరు. పిస్టన్ పైకి వచ్చి మిశ్రమాన్ని తొమ్మిదో పదో వంతుకు కుదించివేస్తుంది. అదే జాగాలో అణువులు కిక్కిరిసిపోతాయి. వాయువును ఛేదించడానికి కావలసిన వోల్టేజి, వాయు పీడనమూ మొనల మధ్య దూరమూ గుణించగా వచ్చే అంకె మీద ఆధారపడుతుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ పాషెన్ 1889లో చూపాడు. పీడనం పెరిగినా, దూరం పెరిగినా కావలసిన వోల్టేజి పెరుగుతుంది. అందువల్లనే సిలిండరులో అదే మిల్లీమీటరును దాటడానికి పది వేల వోల్టులు, ఒక్కొక్కప్పుడు ఇరవై వేలు కూడా కావలసి వస్తుంది.

బేరం కుదిరిన కొలత

వోల్టేజి సులభంగా దాటాలంటే ఎడం తక్కువ ఉండాలి. అలాగైతే రెండు మొనలనూ దాదాపు తాకించి ఉంచవచ్చు గదా అని సందేహం రావచ్చు. అలా చేస్తే రవ్వ పుడుతుంది కాని, పుట్టిన మంట బ్రతకదు. రవ్వ చుట్టూ మొదట ఏర్పడే మంట గింజంత ఉంటుంది. ఇరుకు సందులో పుట్టిన ఆ గింజ నుంచి వేడిని అటూ ఇటూ ఉన్న లోహపు మొనలే పీల్చివేస్తాయి. కారు నిలిచి ఉన్నప్పుడు ఇంజను వణకడం, పెట్రోలు పలుచగా ఉన్న మిశ్రమం అంటుకోకపోవడం దీని ఫలితాలు.

ఎడం ఎక్కువైతే రవ్వ పొడవుగా సాగుతుంది, మంట గింజ బలంగా మొలుస్తుంది. కాని ఆ దూరం దాటడానికి కాయిల్ ఎక్కువ శ్రమపడాలి. దాని సత్తువకు మించితే రవ్వ అసలు పుట్టదు. దీనినే 'మిస్‌ఫైర్' అంటారు. మిట్ట ఎక్కేటప్పుడు, హైవే మీదికి చేరడానికి గట్టిగా యాక్సిలరేటరు తొక్కినప్పుడు సిలిండరులో పీడనం ఎక్కువ కాబట్టి, ఈ లోపం మొదట అక్కడే బయటపడుతుంది. మొనల మధ్య దారి దొరకని వోల్టేజి, ప్లగ్గు మీది రబ్బరు తొడుగునో కాయిల్ లోపలి పూతనో చీల్చుకొని మరొక దారి వెదుక్కోవడమూ కద్దు.

కాబట్టి తయారీదారు నిర్ణయించిన అంకె ఈ రెండింటి మధ్య కుదిరిన బేరం. 1970 దశకం మధ్యలో అమెరికా కార్లలోకి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చి, ఎక్కువ వోల్టేజి అందుబాటులోకి రావడంతో ఎడాలను పెంచగలిగారు. పొగ నియమాలను పాటించడానికి మిశ్రమం పలుచన కావడంతో పెంచవలసిన అవసరమూ వచ్చింది. టర్బో అమర్చిన ఇంజన్లలో పీడనం అధికం కాబట్టి ఎడం తక్కువగా ఉంచుతారు. ఒక కారు అంకె మరొక కారుకు పనికిరాదు.

మూడు కోట్ల రవ్వలు

సాధారణంగా ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక్కొక్క ప్లగ్గు ఒక రవ్వ వేస్తుంది. గంటకు 60 మైళ్ళ వేగంలో ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నదనుకుంటే, ప్లగ్గు నిమిషానికి వెయ్యి రవ్వలు వేయాలి. నిమిషానికి ఒక మైలు కాబట్టి, మైలుకు వెయ్యి రవ్వలు. 30,000 మైళ్ళకు మూడు కోట్లు! ప్రతి రవ్వా మొనల నుంచి లేశమాత్రం లోహాన్ని ఎగురగొట్టుకుపోతుంది. కరుకుగా ఉన్న అంచులు గుండ్రబడతాయి, ఎడం విస్తరిస్తుంది. అరిగిన ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజి కావలసి రావడానికి పెరిగిన దూరం ఒక కారణమైతే, మొద్దుబారిన అంచు రెండో కారణం. కరుకైన అంచు వద్దనే విద్యుత్ క్షేత్రం బలంగా కేంద్రీకరిస్తుంది.

అందుకే మొనలకు వాడే లోహానికి ఇంత ప్రాముఖ్యం. నికెల్ 1,455 డిగ్రీల సెల్సియస్ వద్ద, ప్లాటినం 1,768 వద్ద, ఇరిడియం 2,446 వద్ద కరుగుతాయి. నికెల్ మొనల ప్లగ్గులు సుమారు 30,000 మైళ్ళు పనిచేస్తే, ప్లాటినం, ఇరిడియం ప్లగ్గులు 60,000 నుంచి లక్ష మైళ్ళ దాకా వస్తాయి.

స్కూటరు నేర్పిన పాఠం

తెలుగునాట బజాజ్ స్కూటరు నడిపిన తరానికి ప్లగ్గు కొత్త కాదు. టూ స్ట్రోక్ ఇంజనులో నూనె పెట్రోలుతోనే కలిసి కాలుతుంది గనుక మొనలకు మసి పట్టేది. దారి పక్కన స్కూటరు ఆపి, మైకో ప్లగ్గు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, హాక్‌సా బ్లేడు ముక్కను మొనల మధ్య పెట్టి చూసి మళ్ళీ బిగించడం సామాన్య దృశ్యం. మామూలు హాక్‌సా బ్లేడు మందం సుమారు 0.025 అంగుళం. నాటి ఇంజన్లకు ఆ అడ్డకొలత ఇంచుమించుగా సరిపోయేది.

ఆ విద్యను యథాతథంగా నేటి కారు మీద ప్రయోగించకూడదు. 0.044 అంగుళం కావలసిన చోట బ్లేడు కొలత సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. ఇరిడియం ప్లగ్గు నడి మొన అర మిల్లీమీటరు లావు కూడా ఉండకపోవచ్చు. ఉప్పుకాగితం తగిలితే దానికి హాని. శుభ్రం చేసి తిరిగి వాడే బదులు కొత్తది వేయడమే నేటి పద్ధతి. స్కూటరు నేర్పిన అసలు పాఠం మాత్రం నిలిచే ఉంది: ప్లగ్గును బిగించే ముందు ఎడం చూడాలి.

కావలసిన సరంజామా

ప్లగ్గు సాకెట్టు ఒకటి. చాలా కార్లకు ఐదెనిమిదవ వంతు అంగుళానిది, కొన్నింటికి పదమూడు పదహారవ వంతుది. లోపల రబ్బరు ఉన్నది కొంటే ప్లగ్గు జారిపడదు. దానికి తోడు రాచెట్ పానా, పొడవు కడ్డీ, వీలైతే టార్క్ పానా.

ఎడం కొలిచే గేజీలు మూడు రకాలు. నాణెం వంటిది చవక. కాని అది ఏటవాలుగా మొనల మధ్య దూరుతుంది కాబట్టి సన్నని ఇరిడియం మొనను విరిచే ప్రమాదం ఉంది. చదును రేకుల ఫీలర్ గేజి కొత్త ప్లగ్గుకు బాగానే పనిచేస్తుంది. అరిగి గుంటపడిన మొనను మాత్రం తక్కువగా చూపుతుంది. గుండ్రని తీగల గేజి అన్నింటిలోకీ నమ్మదగినది.

సరియైన అంకె ఓనర్స్ మాన్యువల్‌లోనూ, చాలా కార్లలో బానెట్ కింద అంటించిన పొగ నియమాల చీటీ మీదా ఉంటుంది. ప్లగ్గు పెట్టె మీద 'ముందే సరిచేయబడినది' అని ఉన్నా కొలిచి చూడాలి. ఒకే ప్లగ్గును వేర్వేరు ఎడాలతో పలు రకాల కార్లకు అమ్ముతారు. పైగా దారిలో పెట్టె కిందపడి మొన వంగి ఉండవచ్చు.

పని క్రమం

ఇంజను పూర్తిగా చల్లబడి ఉండాలి. అల్యూమినియం తల వేడిగా ఉండగా ప్లగ్గు విప్పితే మరలు ఊడిరావచ్చు. తాళం తీసి జేబులో వేసుకోవాలి. ఒక్కొక్క ప్లగ్గునే విప్పి, దాని పని ముగించాకనే రెండోదాని జోలికి పోవాలి. తీగలు తారుమారు కాకుండా ఉండడానికి ఇదే సులభోపాయం. తీగను కాక, దాని కొనన ఉన్న తొడుగును పట్టి, కొంచెం తిప్పి లాగాలి. ప్రతి ప్లగ్గు మీద సొంత కాయిల్ ఉన్న కార్లలో ముందు కనెక్టరు, తరువాత బోల్టు తీసి కాయిల్‌ను పైకి లాగాలి. విప్పబోయే ముందు గుంటలోని దుమ్మును గాలితో ఊదివేయాలి. లేకపోతే అది సిలిండరులో పడుతుంది.

కొత్త ప్లగ్గు మొనల మధ్య కావలసిన తీగను దూర్చాలి. కొద్దిగా రాచుకుంటూ జారితే కొలత సరిపోయినట్లు. అసలు దూరకపోతే ఎడం తక్కువ, వదులుగా ఆడితే ఎక్కువ. పెంచవలసి వస్తే గేజికి ఉండే కొక్కెంతో పక్కనున్న వంపు మొనను మాత్రమే మెల్లగా ఎత్తాలి. తగ్గించవలసి వస్తే ఆ వంపు మొననే గట్టి బల్ల మీద సుతారంగా తట్టాలి. నడి మొన మీద ఆనించి మీటితే లోపలి పింగాణీ పగులుతుంది. సవరించిన ప్రతిసారీ మళ్ళీ కొలవాలి. ప్లాటినం, ఇరిడియం ప్లగ్గుల కొలత బాగా తప్పి ఉంటే సవరించే బదులు దుకాణంలో మార్చుకోవడం మేలు. కిందపడిన ప్లగ్గును వాడకూడదు.

బిగించేటప్పుడు మొదటి చుట్లు పానాతో కాక, చేతివేళ్ళతో తిప్పాలి. మర వంకరగా పడితే చేతికి వెంటనే తెలుస్తుంది, పానాకు తెలియదు. వేలి బిగువు దాకా వచ్చాక, వాషరు ఉన్న కొత్త ప్లగ్గును అరచుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు, వాషరు లేని ఏటవాలు పీట ప్లగ్గును చుట్టులో పదహారవ వంతు మాత్రమే తిప్పాలి. టార్క్ పానా ఉంటే మాన్యువల్ అంకెనే పాటించాలి.

పాత ప్లగ్గు చెప్పే కబురు

విప్పిన ప్లగ్గులను సిలిండర్ల వరుసలో ఒక కాగితం మీద పేర్చి చూస్తే ఇంజను ఆరోగ్యం కొంత తెలుస్తుంది. లేత గోధుమ లేక బూడిద రంగు ఉంటే క్షేమం. పొడి నల్లమసి పెట్రోలు ఎక్కువవుతున్నదని, జిడ్డు నలుపు సిలిండరులోకి నూనె దిగుతున్నదని సూచన. తెల్లబడి బొబ్బలెక్కిన పింగాణీ అతి వేడికి గుర్తు. వీటిని ఎడం సవరించి బాగుచేయలేము. మెకానిక్కుకు ఆ ప్లగ్గునే చూపాలి.

అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లన్నీ మిస్‌ఫైర్‌ను తామే కనిపెడతాయి. 'చెక్ ఇంజన్' దీపం మినుకుమినుకుమంటుంటే ఉపేక్షించరాదు. కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి కెటలిటిక్ కన్వర్టరులో మండుతుంది, దానిని పాడుచేస్తుంది. ఆ పరికరం ఖరీదు ముందు ప్లగ్గుల ఖరీదు లెక్కలోనిది కాదు.

అన్ని కార్లూ ఈ పనికి అనువైనవి కావు. నాలుగు సిలిండర్ల కారులో ప్లగ్గులు సాధారణంగా చేతికి అందుతాయి. మినీవాన్లలో అడ్డంగా అమర్చిన ఆరు సిలిండర్ల ఇంజనులో వెనుక మూడు ప్లగ్గులు గోడకు ఆనుకొని దాగి ఉంటాయి. వాటిని వర్క్‌షాపుకే వదలడం వివేకం. డీజిలు ఇంజనుకు, విద్యుత్ కారుకు స్పార్క్ ప్లగ్గులే ఉండవు.

పని ముగిశాక ప్లగ్గులు మార్చిన తేదీ, ఓడోమీటరు అంకె, ఉంచిన ఎడం, ఈ మూడింటినీ ఒక చీటీ మీద వ్రాసి మాన్యువల్‌లో పెట్టుకోవాలి. మళ్ళీ ప్లగ్గులు విప్పిన నాడు పాత ఎడాన్ని కొలిచి ఆ చీటీతో పోల్చితే, ఎన్ని మైళ్ళకు ఎన్ని వెంట్రుకల మందం అరిగిందో తెలుస్తుంది. మిగిలిన సిలిండర్ల కన్నా ఒకదానిలో అరుగుదల బాగా ఎక్కువగా కనిపిస్తే, ఇంజను మొరాయించక మునుపే దాని సంగతి మెకానిక్కును అడగవచ్చు.