ఆట స్టీరింగు: నేడు, రేపు

పాపారపట్టిలో నా దగ్గర పదో తరగతి వరకు చదువుకున్న కుర్రవాడొకడు మొన్న వేసవిలో మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు. సెలవుల్లో పనిచేసి కొంత డబ్బు కూడబెట్టాడు. "సార్, కంప్యూటరులో కారు పందేలు ఆడడానికి స్టీరింగు కొనాలనుకుంటున్నాను. ఇప్పుడే కొనమంటారా, ఇంకో రెండేళ్లు ఆగమంటారా?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా అబ్బాయికి ఒకప్పుడు ఇలాంటిదే, ఎవరో వాడిన స్టీరింగు కొనిచ్చాను. ఆరు నెలలకే బ్రేకు పెడల్ పాడైంది. అరిగిపోయింది గోరంత భాగం. అది విడిగా దొరకదు, పెడళ్లన్నీ కలిపి మార్చుకోవాలన్నారు. ఆ స్టీరింగు ఇంకా మా అటక మీదే ఉంది. అందుకని ఈసారి నాలుగు విషయాలు తెలుసుకుని చెబుదామనుకున్నాను. తెలుసుకున్నవి మీతోనూ పంచుకుంటాను.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. మీరు చక్రం తిప్పితే ఎంత తిప్పారో లోపలి సెన్సారు కంప్యూటరుకు చెబుతుంది. ఆటలోని కారు టైరుకు ఆ క్షణాన నేల ఎంత పట్టు ఇస్తోందో కంప్యూటరు లెక్క కడుతుంది. ఆ లెక్క ప్రకారం స్టీరింగులోని మోటారు మీ చేతిని వెనక్కు నెడుతుంది. ఇదంతా సెకనుకు కొన్ని వందలసార్లు జరుగుతుంది. కారు జారబోతుంటే చక్రం ఒక్కసారిగా తేలికవుతుంది. ప్రమాదం కంటికి కనబడకముందే చేతికి తెలుస్తుంది. దీన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు.

మోటారు బలాన్ని చక్రానికి అందించే దారులు మూడు. మొదటిది పళ్ల చక్రాలు, అంటే గేర్లు. చెరకు రసం మిషన్‌లో చూస్తుంటారు కదా, అలాంటివి. గట్టిగానే ఉంటాయి కానీ కటకట శబ్దం వస్తుంది, చిన్న చిన్న కదలికలు చేతికి అందవు. 2015లో వచ్చిన లాజిటెక్ జీ 29 ఈ రకమే. రెండోది బెల్టు. కోయంబత్తూరు గ్రైండరులో రాయిని తిప్పేది బెల్టే. దీనితో నడక మెత్తగా ఉంటుంది. మూడోది డైరెక్ట్ డ్రైవ్. సీలింగ్ ఫ్యానులో రెక్కలు మోటారుకే బిగించి ఉన్నట్టు, ఇందులో చక్రం నేరుగా మోటారుకే బిగించి ఉంటుంది. మధ్యలో ఏమీ లేదు కాబట్టి ఏ అదురూ దారిలో పోదు.

ఒకప్పుడు డైరెక్ట్ డ్రైవ్ శ్రీమంతుల వస్తువు. ఫ్యాక్టరీ యంత్రాల మోటార్లు తెచ్చి కొందరు ఔత్సాహికులు ఇంట్లోనే తయారు చేసుకునేవారు. 2021లో ఫనాటెక్ సంస్థ 5 న్యూటన్ మీటర్ల చిన్న డైరెక్ట్ డ్రైవ్‌ను తెచ్చింది. తరువాత మోజా వంటి చైనా సంస్థలు పోటీకి దిగాయి. ధర ఇంకా తక్కువేమీ కాదు. అయినా దిగుతూ వస్తోంది.

న్యూటన్ మీటర్ అంటే ఏమిటంటారా? 30 సెంటీమీటర్ల చక్రం అనుకోండి. 2 న్యూటన్ మీటర్లంటే చక్రం అంచున సుమారు కిలోన్నర బరువు లాగినట్టు. 5 అయితే దాదాపు మూడున్నర కిలోలు. 8 అయితే అయిదున్నర కిలోలు. 25 న్యూటన్ మీటర్లవీ ఉన్నాయి. అంటే 17 కిలోలు! అది విసురుగా తిరిగితే బొటనవేలు విరిగినా విరగవచ్చు. పిల్లలున్న ఇంట్లో అంత బలం అక్కరలేదు. నా లెక్కలో బలం పోటీకి ఇక పెద్దగా అర్థం లేదు. మనిషి చేయి ఓర్చుకోగలిగినంత బలం ఎప్పుడో వచ్చేసింది.

మరి రేపు మారవలసినవి ఏమిటి? మొదటిది పెడళ్లు. పాత రేడియోలో వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమనేది, గుర్తుందా? లోపల రాపిడికి అరిగినందువల్ల వచ్చే శబ్దం అది. చవక పెడళ్లలో ఉండేదీ అలాంటి భాగమే. మా ఇంట్లో పాడైందీ అదే. దాని బదులు అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సారు పెడితే రాపిడి ఉండదు, అరుగుదలా ఉండదు. బ్రేకుకైతే లోడ్ సెల్ ఇంకా మేలు. కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా లోపల ఉండేది లోడ్ సెల్లే. పెడల్ ఎంత దూరం దిగిందన్నది కాక, కాలు ఎంత గట్టిగా నొక్కిందన్నది కొలుస్తుంది. నిజమైన కారులో మన కాలికి తెలిసేదీ ఆ ఒత్తిడే.

రెండోది తాళాల సంగతి. జీ 29 ప్లేస్టేషన్ మీద పనిచేస్తుంది. దాదాపు దాని కవల అయిన జీ 920 ఎక్స్‌బాక్స్ మీద పనిచేస్తుంది. ఒకదాని బదులు మరొకటి పనికిరాదు. ఒక కంపెనీ చక్రం మరో కంపెనీ మోటారుకు చాలావరకు నేరుగా బిగియదు. 2024లో ఫనాటెక్ మాతృసంస్థ ఎండోర్ దివాలా తీసింది. ఆ ఏడే కోర్సెయిర్ సంస్థ దాన్ని కొని నిలబెట్టింది. ఎవరూ కొనకపోయి ఉంటే విడిభాగాలు, సాఫ్ట్‌వేరు ఎవరిస్తారు? వేలకు వేలు పోసి కొన్న వస్తువు అటకెక్కవలసిందేనా? ఓపెన్ ఎఫ్‌ఎఫ్‌బోర్డ్ అనే ప్రయత్నంలో కంట్రోల్ బోర్డు నమూనా, దాని సాఫ్ట్‌వేరు అందరికీ తెరిచి ఉంచారు. ఎవరైనా చూసి చేసుకోవచ్చు, బాగుచేసుకోవచ్చు. మంచి దారి ఇదేనని నాకనిపిస్తుంది.

ఇది మన ప్రాంతానికి కొత్త ఆలోచన కాదు. కోయంబత్తూరు తెలుగు నాయుళ్ల ఇంట పుట్టిన కరివర్ధన్ పేరు మీలో కొందరు విని ఉంటారు. 1980లలో ఆయన మారుతి 800 ఇంజను పెట్టి ఫార్ములా మారుతి అనే పందెపు కారు తయారుచేశారు. ఊరూరా దొరికే ఇంజను, ఊరి మెకానిక్కు విప్పి బిగించగలిగిన ఇంజను. మన దేశం నుంచి మొట్టమొదట ఫార్ములా వన్‌కు వెళ్లిన నరేన్ కార్తికేయన్ తొలి రోజుల్లో నడిపింది ఆ కారునే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు. ఆయన పేరనే కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. మోటార్ల తయారీకి పేరుపడ్డ ఆ ఊళ్లోనే రేపు ఒక చవకైన, విప్పి బాగుచేసుకోగల ఆట స్టీరింగు పుడితే ఎంత బాగుంటుంది!

ఇంకో వింత చెబుతాను. ఆట స్టీరింగు కారును అనుకరిస్తోంది కదా, ఇప్పుడు కారే ఆట స్టీరింగును అనుకరిస్తోంది. 2023లో అమ్మకానికి వచ్చిన టెస్లా సైబర్‌ట్రక్‌లో చక్రానికీ టైర్లకూ మధ్య ఇనుప కడ్డీ లేదు, తీగలే ఉన్నాయి. చేతికి తెలిసే బరువును ఒక మోటారు పుట్టిస్తుంది. అంటే ఆటవస్తువులో ఉన్న పద్ధతే రోడ్డు మీదా కనబడుతోందన్నమాట.

ఇక మా కుర్రవాడికి చెప్పిన జవాబు. "నాయనా, ఆగనక్కరలేదు. 5 నుంచి 8 న్యూటన్ మీటర్లు చాలు. కొట్టువాడిని మూడు ప్రశ్నలడుగు. పెడల్ సెన్సారు విడిగా దొరుకుతుందా? చక్రం మార్చుకోవచ్చా? కంపెనీ సర్వరు లేకపోయినా ఇది పనిచేస్తుందా? మూడింటికీ అవునంటేనే డబ్బు తియ్యి."

వెళ్లబోతున్నవాడిని ఆపి ఇంకొక్క మాట కూడా చెప్పాను. "ఆటలో బండి బోల్తా పడితే మీట నొక్కి మళ్లీ మొదలుపెట్టవచ్చు. మన తొప్పూరు కనుమలో ఆ మీట లేదు."

వాడు నవ్వలేదు. తల ఊపి వెళ్లాడు.