మనోవ్యాధికి రక్తపరీక్ష కలదా?

జ్వరమును థర్మామీటరు చూపును. మధుమేహమును రక్తములోని చక్కెర తెలుపును. కాని ఇంటిలో ఒకరు నిద్రాహారములు మాని, ఎవరికిని వినబడని మాటలు తమకు వినబడుచున్నవని చెప్పుచుండగా వైద్యుని యొద్దకు తీసికొనిపోయినచో, పరీక్షలన్నియు సరిగానే యున్నవని తేలవచ్చును. అంతట బంధువులు జబ్బేమియు లేదని తలంతురు. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో విచారింతము.

మనోవ్యాధికి దేహమున గుర్తును వెదకుట నూరేండ్లకు పైబడిన ప్రయత్నము. పూర్వము ఐరోపాలోని పిచ్చాసుపత్రులలో ఉన్మాదముతో మొదలై పక్షవాతముతో ముగియు వ్యాధివలన ఎందరో మరణించుచుండిరి. 1906లో వాసర్మన్ సిఫిలిస్ అను సవాయిరోగమునకు రక్తపరీక్షను కనుగొనెను. 1913లో నొగూచి, మూర్ అను శాస్త్రజ్ఞులు ఈ ఉన్మాదరోగుల మెదడులో ఆ సవాయి క్రిమినే చూపిరి. పిచ్చి యని యెంచినది అంటురోగమని తేలెను. తరువాత పెన్సిలిన్ దానిని లొంగదీసెను.

తక్కిన మనోవ్యాధులకును ఇట్టి గుర్తే దొరకునని ఆశ కలిగెను. 1962లో ఫ్రీడ్‌హాఫ్, వాన్ వింకిల్ అనువారు స్కిజోఫ్రీనియా రోగుల మూత్రమును పరీక్షింపగా, 19 మందిలో 15 మందికి కాగితముపై గులాబిరంగు మచ్చ కనబడెను. పోల్చి చూచిన 14 మందిలో ఒక్కరికిని లేదు. కాని ఇతర ప్రయోగశాలలలో ఆ మచ్చ ఆరోగ్యవంతులకును కనబడెను. ఆహారము, మందులు సైతము దానికి కారణము కావచ్చునని తేలెను. ఆసుపత్రిలో ఏండ్ల తరబడి ఉన్నవారి భోజనము బయటివారి భోజనమువంటిది కాదు గదా!

1981లో మరియొక పరీక్ష ప్రసిద్ధికెక్కెను. రాత్రి డెక్సామెథసోన్ మాత్ర నిచ్చినచో, మరునాడు రక్తమున కార్టిసాల్ తగ్గవలెను. తీవ్రమైన డిప్రెషన్ గలవారిలో పెక్కురకు అది తగ్గలేదు. అయితే బరువు మిక్కిలి కోల్పోయినవారికిని, ముసలితనపు మతిమరపు వ్యాధి గలవారికిని అట్లే జరుగుచుండెను. 2022లో స్కిజోఫ్రీనియాతో సంబంధముగల 287 స్థానములను జన్యువులలో గుర్తించిరి; కాని ఒక్కొక్కదాని ప్రభావము స్వల్పము. వానినిబట్టి ఒక వ్యక్తికి వ్యాధి కలదని నిర్ణయింప వీలులేదు.

ఇట్లేల జరుగుచున్నది? ఒకప్పుడు జ్వరమనునది ఒకే వ్యాధి పేరు; నేడు మలేరియా వేరు, టైఫాయిడు వేరు. స్కిజోఫ్రీనియా యను పేరు క్రిందను పెక్కు వ్యాధులు కలసియుండవచ్చును. 2007లో డాల్మావ్, అతని సహచరులు అట్టి ఒకదానిని విడదీసిరి. కొందరు యువతులకు హఠాత్తుగా కలిగిన ఉన్మాదమునకు, మెదడులోని ఎన్‌ఎండీఏ గ్రాహకములపై దాడిచేయు ప్రతిరక్షకములే కారణమని చూపిరి. సకాలమున చికిత్స జరిగినచో వీరిలో పెక్కుమంది కోలుకొందురు.

కావున వైద్యుడు థైరాయిడు, బీ12 మున్నగు పరీక్షలు వ్రాసినచో చేయింపుడు. అవి దేహమునుండి పుట్టు ఇతర కారణములను పట్టియిచ్చును. కాని అవి సరిగా నున్నంతమాత్రమున రోగి బాధ కల్ల యనరాదు. పార్శ్వపు తలనొప్పికిని రక్తపరీక్ష లేదు. అయినను ఆ నొప్పిని ఎవరును కాదనరు. నిద్ర ఎన్నడు చెడినదో, మాట ఎప్పుడు మారినదో, ఏ మందు వాడిరో తేదీలతో వ్రాసి వైద్యునికి చూపుడు. నేటికిని ఈ వ్యాధుల నిర్ణయము ముఖ్యముగా రోగి మాటపైనను, ఇంటివారు చెప్పు వృత్తాంతముపైనను ఆధారపడియున్నది.