లోతు సముద్రపు నీళ్లు: అపోహలు – వాస్తవాలు

హవాయిలోని కోనా తీరాన, జపాన్‌లోని మురోతో దగ్గర, కొరియా, తైవాన్ ఒడ్డున సముద్రంలోకి పొడవాటి గొట్టాలు దించి వందల మీటర్ల లోతు నుంచి చల్లటి నీళ్లు తోడుతున్నారు. వాటిలో ఉప్పు తీసి, బాటిళ్లలో నింపి, ఖరీదైన తాగునీరుగా అమ్ముతున్నారు. మామూలుగా 200 మీటర్లకు దిగువనున్న నీటినే లోతు సముద్రపు నీరంటారు. దాని మీద జరిగే ప్రచారంలో నిజం కొంత ఉంది. ఆ నిజం ఎంతవరకో తెలుసుకోకుండా నమ్మితే మాత్రం ఆరోగ్యానికి ముప్పు.

అపోహ: అంత లోతుకు మనిషి మురికి చేరదు. పరీక్షలు అక్కర్లేదు.

వాస్తవం: ఎండ చొరని చోట నాచు పెరగదు. అందుకే లోతు నీళ్లలో సూక్ష్మజీవులు పైనీళ్లలో కన్నా తక్కువ. తక్కువంటే అసలు లేవని కాదు, ఒక్క మిల్లీలీటరులోనే వేలకొద్దీ ఉంటాయి. మురికి సంగతికొస్తే, పసిఫిక్‌లోని మరియానా అగాధంలో బతికే రొయ్యల్లాంటి చిన్న ప్రాణుల ఒంట్లో పీసీబీలు దొరికాయని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లలో వాడి, తర్వాత చాలా దేశాలు నిషేధించిన రసాయనాలవి. పైగా అడుగున ఎంత శుభ్రంగా ఉన్న నీరైనా గొట్టం, పంపు, ట్యాంకు దాటుకునే మన దాకా రావాలి. అక్కడ లేని క్రిములు ఈ దారిలో చేరొచ్చు.

అపోహ: ఒక బాటిల్ పట్టి ల్యాబ్‌కి పంపితే అన్నీ తేలిపోతాయి.

వాస్తవం: నీళ్లు పట్టిన తీరును బట్టే రిపోర్టు ఉంటుంది. భూమి వయసును లెక్కగట్టిన అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ సముద్రంలో సీసం ఎంతుందో కొలిచారు. అంతకుముందు ఇతరులు చెప్పిన అంకెల్లో ఎక్కువ భాగం సముద్రానిది కాదని, ఓడ నుంచి, తాడు నుంచి, బాటిల్ నుంచి, పట్టినవాళ్ల చేతుల నుంచి అంటుకున్నదని తేల్చారు. లోతు నీళ్లలో కన్నా పైనీళ్లలోనే సీసం ఎక్కువని, అది పెట్రోలులో కలిపిన సీసం వల్లేనని కూడా చూపించారు. అంటే లోతుకు కొంత రక్షణ ఉన్న మాట నిజమే. కానీ ఆ నిజాన్ని బయటపెట్టింది అతి జాగ్రత్తగా చేసిన పరీక్ష.

ల్యాబ్‌లోనూ ఉప్పునీటిని మామూలు తాగునీటి పద్ధతిలోనే పరీక్ష యంత్రానికి ఎక్కిస్తే ఉప్పు అడ్డొచ్చి లోహాల లెక్క తప్పుతుంది. మల కాలుష్యం పసిగట్టడానికీ అంతే. మంచినీళ్లకు చూసే కోలిఫారాల కన్నా సముద్రపు నీళ్లకు ఎంటిరోకాకై అనే బ్యాక్టీరియా నమ్మదగ్గ గుర్తు.

అపోహ: టీడీఎస్ మీటరు తక్కువ చూపిస్తే చాలు, నిశ్చింతగా తాగొచ్చు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే, మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది కూడా. ఆ మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందన్నదే. క్రిములు దానికి కనిపించవు. సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 4.5 మిల్లీగ్రాముల బోరాన్ ఉంటుంది. తాగునీటిలో 2.4 మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ బోరాన్‌లో ఎక్కువ భాగం విద్యుదావేశం లేని బోరిక్ ఆమ్లంగా ఉంటుంది. కాబట్టి ఆర్‌ఓ పొరలోంచి ఉప్పుకన్నా తేలిగ్గా జారిపోతుంది, మీటరుకూ చిక్కదు. ఇక సముద్రపు నీళ్లలో ఉండే బ్రోమైడ్. అది మిగిలిన నీటిని ఓజోన్‌తో శుద్ధిచేస్తే బ్రోమేట్ తయారవుతుంది. క్యాన్సర్ కారకం కావొచ్చన్న అనుమానంతో దాని హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములే పెట్టారు. అంత చిన్న మోతాదు మీటరు మీద అంకెను కదిలించదు.

అపోహ: లోతు నీళ్లలో ఖనిజాలు ప్రత్యేకం.

వాస్తవం: 1872–76 మధ్య ఛాలెంజర్ ఓడ ప్రపంచమంతా తిరిగి తెచ్చిన 77 సముద్రపు నీటి నమూనాలను రసాయన శాస్త్రవేత్త విలియం డిట్మార్ పరీక్షించారు. ప్రధాన లవణాల నిష్పత్తి అన్నిచోట్లా దాదాపు ఒకటే. లోతులో నిజంగా ఎక్కువుండేవి నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికా. బాటిల్ మీద రాసిన మెగ్నీషియం సాధారణంగా, ఉప్పు తీశాక మళ్లీ కలిపినదే.

అపోహ: సముద్రపు నీరు మన రక్తంలాంటిదే, కొద్దికొద్దిగా తాగితే మేలు.

వాస్తవం: ఫ్రాన్స్‌కు చెందిన రెనే క్వింటన్ 1904లో వేసిన పుస్తకంతో ఈ మాటకు బలం వచ్చింది. రక్తంలో ఉప్పుదనం 0.9 శాతం, సముద్రంలో 3.5 శాతం. నాలుగింతలు పలుచన చేసి ఉప్పును సరిపెట్టినా, మెగ్నీషియం రక్తంలో కన్నా పది రెట్లకు పైగానే ఉంటుంది. నేరుగా తాగితే ఆ ఉప్పును బయటికి పంపడానికి కిడ్నీలు ఒంట్లో ఉన్న నీటినే ఖర్చుపెడతాయి. దాహం తీరకపోగా ఒళ్లు ఎండిపోతుంది.

అపోహ: లక్షద్వీప్‌లో జనం లోతు సముద్రపు నీరే తాగుతున్నారు.

వాస్తవం: చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) 2005లో కవరత్తి దీవిలో రోజుకు లక్ష లీటర్ల తాగునీరు తయారుచేసే ప్లాంటు పెట్టింది. అక్కడ తాగునీరుగా మారేది పైనున్న గోరువెచ్చని నీరు. గాలి తీసేసిన గదిలోకి పంపితే అది ఆ కొద్ది వేడికే ఆవిరవుతుంది. దాదాపు 350 మీటర్ల లోతు నుంచి తోడిన చల్లని నీరు ఆ ఆవిరిని చల్లార్చి నీటిగా మార్చడానికే, తాగడానికి కాదు. అంత లోతు అక్కడ ఒడ్డుకు అరకిలోమీటరు లోపే దొరకడం ఆ దీవుల అదృష్టం. విశాఖ దగ్గరైతే దానికోసం పదుల కిలోమీటర్లు లోపలికి పోవాలి.

ఇలాంటి నీళ్లు కొనేటప్పుడు ఎంత లోతు నుంచి తెచ్చారని అడగకండి. బాటిల్‌లో నింపిన తర్వాత చేసిన పరీక్షల రిపోర్టు అడగండి. అందులో బోరాన్, బ్రోమేట్, లోహాలు, సూక్ష్మజీవుల అంకెలు లేకపోతే కొనకండి. ఇంట్లో బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు డాక్టరును అడగకుండా ఇవ్వకండి.