ఎవరి తర్వాత ఎవరు లేవాలి?

ఉదయగిరిలో డిప్లొమా పిల్లలకు యునిక్స్ చెబుతుంటే ఆత్మకూరు నుంచి బస్సులో వచ్చే కుర్రాడొకడు అడిగాడు: "సార్, కరెంటు పోయి వచ్చాక సర్వర్ తనంతట తనే లేస్తుంది కదా. లోపల ఏది ముందు లేవాలో దానికెవరు చెబుతారు?" పాఠ్యపుస్తకం అరపేజీలో తేల్చేసే సంగతే. నాకైతే యునిక్స్‌లో ఇంతకంటే ముచ్చటైన ఏర్పాటు ఇంకోటి లేదు.

కెర్నల్ లేచాక ఇనిట్ అనే ప్రోగ్రామును నడుపుతుంది. అది ప్రాసెస్ నంబరు 1. మిగతా సర్వీసులను లేపే పూచీ దానిదే. నెట్‌వర్క్ రాకముందే మెయిల్ సర్వర్‌ను లేపితే, ఆకు వేయకముందే అన్నం వడ్డించినట్టు.

బీఎస్‌డీ అనే పాత యునిక్స్ రకంలో ఇందుకు ఒకటే పొడుగాటి స్క్రిప్టు ఉండేది. మన సొంత ఆదేశాలేమైనా ఉంటే ఆర్‌సీ.లోకల్ ఫైల్లో రాసుకోవాలి. సిస్టమ్ ఫైవ్ అనే మరో యునిక్స్ రకం వాళ్లు సర్వీసుకో స్క్రిప్టు చేసి, పేరు ముందు అంకె తగిలించారు: ఎస్10నెట్‌వర్క్, ఎస్80సెండ్‌మెయిల్. అంకెల వరసలోనే లేస్తాయి. బాగానే ఉంది గానీ, 80 ఎందుకు, 75 అయితే ఏం పోయె అంటే జవాబు ఫైల్లో ఉండదు, పెట్టినవాడి బుర్రలో ఉంటుంది.

బీఎస్‌డీ వంశంలో 2000లో వచ్చిన నెట్‌బీఎస్‌డీ 1.5 ఆ అంకెల జోలికే పోలేదు. ల్యూక్ మ్యూబర్న్, ఆయన సహచరులు ప్రతి స్క్రిప్టు నెత్తిన రెండు కామెంట్లు పెట్టించారు. దూరం నుంచి లాగిన్ అవనిచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌డీ స్క్రిప్టు తెరవండి: 'ప్రొవైడ్: ఎస్‌ఎస్‌హెచ్‌డీ', దాని కింద 'రిక్వైర్: లాగిన్'. షెల్ కామెంట్లను పట్టించుకోదు. ఆర్‌సీఆర్డర్ అనే బుల్లి ప్రోగ్రాము మాత్రం వాటినే చదువుతుంది. ఎవరికి ఎవరు కావాలో చూసి, ఎవరూ అక్కర్లేనివాటిని ముందు పెట్టి, వాటి మీద ఆధారపడ్డవాటిని వెనక పేర్చి, బూట్ అయిన ప్రతిసారీ వరసను కొత్తగా కడుతుంది. అ కి ఆ, ఆ కి అ కావాలని రాస్తే ముడి పడిందని మొత్తుకుంటుంది. గణితంలో టోపలాజికల్ సార్ట్ అని చదువుకునేది ఇదే.

ఇంతకీ ఆ 'లాగిన్' సర్వీసే కాదు! నెట్‌వర్కింగ్, డీమన్, లాగిన్... పెద్దక్షరాల పేర్లున్న ఈ స్క్రిప్టులు ఏ పనీ చేయవు. ఫలానా దశ దాటామని చెప్పడానికే ఉన్నాయి. పనిలేని ఫైలుతో ఇంత పని చేయించుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

సెట్టింగుల్లోనూ అదే తెలివి. సిస్టమ్ ఇచ్చే విలువలన్నీ డిఫాల్ట్స్ ఫోల్డర్‌లోని ఆర్‌సీ.కాన్ఫ్‌లో, మనవి ఈటీసీలోని ఆర్‌సీ.కాన్ఫ్‌లో. మొదటిది చదివాకే రెండోది చదువుతుంది కనుక చివరి మాట మనదే. అప్‌గ్రేడ్ వచ్చి మొదటిదాన్ని మొత్తం మార్చేసినా మన ఫైలు చెక్కుచెదరదు.

ఫ్రీబీఎస్‌డీ 5.0 ఈ ఆర్‌సీఆర్డర్ పద్ధతినే తెచ్చుకుంది. లినక్స్‌లో ఇదే పనికి 2010లో సిస్టమ్‌డీ వచ్చింది. డెబియన్ అనే లినక్స్ పంపిణీలో దానిపై పెద్ద రభసే జరిగి, 2014లో సాంకేతిక కమిటీ ఓట్లు సరిసమానమై, అధ్యక్షుడి ఓటుతో గట్టెక్కింది. నచ్చనివాళ్లు డెవువాన్ పేరుతో వేరుకాపురం పెట్టారు.

సిస్టమ్‌డీని తిట్టేవాళ్లకు ఒక్కమాట. ఆర్‌సీఆర్డర్ చూసేది వరసను మాత్రమే. కావాలన్న సర్వీసు నిజంగా లేచిందో లేదో దానికి పట్టదు. సిస్టమ్‌డీ 'ఆఫ్టర్'ను, 'రిక్వైర్స్'ను వేరు చేసింది. అది న్యాయమే. మీ లినక్స్‌లో 'సిస్టమ్‌డీ-ఎనలైజ్ క్రిటికల్-చైన్' అని కొట్టండి, ఎవరి కోసం ఎవరు ఆగారో మీరే చూస్తారు.