గన్నవరం - డల్లాస్ విమాన దూరం

గన్నవరం - డల్లాస్ విమాన దూరం అనగా విజయవాడ సమీపాన గన్నవరంలోని విమానాశ్రయానికి, అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఉన్న డల్లాస్ - ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి మధ్య భూగోళం మీదుగా కొలిచిన కనీస దూరం. ఇది సుమారు 14,500 కిలోమీటర్లు. గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ ప్రాంతాలవారికి దగ్గరి విమానాశ్రయం గన్నవరమే. ఈ ప్రాంతాల నుండి చదువులకు, ఉద్యోగాలకు డల్లాస్ పరిసరాలకు వెళ్ళి స్థిరపడినవారు చాలామంది కలరు. రెండింటి మధ్య నేరుగా విమానం లేదు.

దూరం లెక్క

గోడకు తగిలించిన పటంలో అమెరికా మనకు పడమర దిక్కున కనిపించును. కావున ఐరోపా, అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా పోవుటే దగ్గరిదారి అని తోచును. గుండ్రని భూమిపై అసలైన దగ్గరిదారి ఉత్తరాన ఉన్నది. గన్నవరం 80.8 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, డల్లాస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉన్నవి. రెండూ కలిపిన 177.8 డిగ్రీలు, అనగా అర్ధవృత్తానికి రెండు డిగ్రీలు మాత్రమే తక్కువ. ఉత్తర ధ్రువం వద్ద నిలబడి చూచినచో ఒకటి ముందువైపు, రెండవది దాదాపు వెనుకవైపు ఉండును.

అందువలన లెక్క బడిపిల్లలు సైతం చేయగలిగినంత సులభం. గన్నవరం అక్షాంశం 16.5 డిగ్రీలు గనుక అక్కడినుండి ధ్రువానికి 73.5 డిగ్రీలు. డల్లాస్ అక్షాంశం 32.9 గనుక ధ్రువం నుండి అక్కడికి 57.1 డిగ్రీలు. మొత్తం 130.6 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున సుమారు 14,500 కి.మీ. వచ్చును. కచ్చితమైన దగ్గరిదారి ధ్రువానికి 250 కి.మీ. దూరంలో సాగును. బందరు నుండి నేరుగా ఉత్తరానికి గీచిన గీత కైలాస పర్వతానికి 20 కిలోమీటర్ల లోపే పోవుట ఒక విశేషం.

ఆచరణలో మార్గం

గంటకు 900 కి.మీ. వేగంతో ఈ దూరానికి 16 గంటలు చాలును. కాని ఈ దారి హిమాలయాలు, టిబెట్ పీఠభూమి, సైబీరియాల మీదుగా పోవును. విమానం లోపల గాలి పీడనం పడిపోయినప్పుడు సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దిగవలెను. టిబెట్‌లో నేలయే 4,500 మీటర్ల ఎత్తున ఉన్నందున అది సాధ్యపడదు. 2022 నుండి రష్యా గగనతలం అమెరికా విమానసంస్థలకు మూసివేయబడి ఉన్నది. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాదు నుండి షికాగోకు నేరుగా విమానం ప్రారంభించినది గాని అది కొనసాగలేదు. గన్నవరానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చినది; 2018 డిసెంబరులో మొదలైన సింగపూరు విమానం మరుసటి ఏడే ఆగిపోయినది.

కావున ఎక్కువమంది హైదరాబాదు చేరి, దుబాయి లేదా దోహాలో విమానం మారుదురు. హైదరాబాదు - దుబాయి 2,550 కి.మీ., సుమారు నాలుగు గంటలు. దుబాయి - డల్లాస్ 12,900 కి.మీ., సుమారు 16 గంటలు. చుట్టుదారి అనిపించినను ఆకాశంలో పెరిగినది వేయి కిలోమీటర్లు మాత్రమే. ఆలస్యమంతయు నేలమీదనే. మచిలీపట్నం నుండి హైదరాబాదుకు సుమారు 340 కి.మీ. రోడ్డు ప్రయాణం, మూడు గంటల ముందు విమానాశ్రయం చేరుట, మధ్యలో నిరీక్షణ కలిపి 30 గంటలు దాటుట సాధారణం.

కాలభేదం

డల్లాస్ గడియారం మనకంటే చలికాలంలో 11:30 గంటలు, వేసవిలో 10:30 గంటలు వెనుక నడచును. తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు తోడై దుబాయి వరకు గంట సేపు కలిసి వచ్చును. ఇంటివద్ద పెద్దలకు ప్రాణం మీదికి వచ్చినదని ఫోను అందిన వారికి, కడసారి చూపు కొరకు వారిని ఎదురుచూచు బంధువులకు కిలోమీటర్ల కంటే ఈ గంటల లెక్కయే ముఖ్యం. చలికాలంలో సోమవారం మధ్యాహ్నం 12 గంటలకు డల్లాస్‌లో ఇల్లు వదలినవారు 30 గంటలలో రాగలిగినచో, అవనిగడ్డ చేరునప్పటికి ఇక్కడ బుధవారం తెల్లవారుజామున 5:30 అగును.