‘వాయుగుండమే కదా’ అనుకోవద్దు!

ఫోన్‌లో అలర్ట్ మోగుతుంది. ‘బంగాళాఖాతంలో వాయుగుండం’ అని ఉంటుంది. తుపాను కాదు కదా, ఏం కాదులే అని స్వైప్ చేసేస్తాం.

2024 ఆగస్టు 31న వచ్చింది కూడా తుపాను కాదు. దానికి పేరు కూడా పెట్టలేదు. ఆ అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటిన వట్టి వాయుగుండం. కానీ వందల కిలోమీటర్ల దూరంలోని కోదాడ మునిగింది. కార్లు వరదలో కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. సూర్యాపేట జిల్లాలోనే నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. హైదరాబాద్–విజయవాడ హైవే మీద బండ్లు ఆగిపోయాయి.

ఇంతకీ ఈ మాటకు అర్థమేంటి?

గుండం అంటే గుంట. నీళ్లు గిర్రున తిరిగితే సుడిగుండం, నిప్పులుంటే అగ్నిగుండం. గాలి సుడి తిరిగితే వాయుగుండం! ఇంగ్లిష్‌లో దీని పేరు డిప్రెషన్. మనసు బాగోలేకపోవడం కాదండోయ్! కిందికి నొక్కడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. చుట్టుపక్కల కన్నా అక్కడ గాలి పీడనం తక్కువగా ఉంటుందన్నమాట.

‘సైక్లోన్’ పుట్టింది మాత్రం మన బంగాళాఖాతం ఒడ్డునే. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్, పాము చుట్టను గుర్తుచేసే గ్రీకు మాట నుంచి దీన్ని తయారుచేశాడు. 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంతో అది ప్రచారంలోకి వచ్చింది. కాకినాడ దగ్గరి కోరంగిని 1839లో దెబ్బతీసిన తుపాను మీద కూడా ఆయన పరిశోధన చేశాడు.

వాతావరణ శాఖ లెక్క ఇదీ:

• గాలి వేగం గంటకు 31 కి.మీ. లోపు: అల్పపీడనం
• 31–49 కి.మీ.: వాయుగుండం
• 50–61 కి.మీ.: తీవ్ర వాయుగుండం
• 62 కి.మీ. నుంచి: తుపాను. పేరు పెట్టేది ఇక్కడి నుంచే.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఈ మెట్లన్నీ గాలివి, వానవి కావు! గాలి బలం లేకపోయినా, తేమ బాగా ఉండి మెల్లగా కదిలే వాయుగుండం ఒకేచోట కుమ్మరించేయగలదు.

అందుకే అలర్ట్‌లో రెండో లైన్ కూడా చదవండి. ‘అత్యంత భారీ వర్షం’ అని ఉంటే 24 గంటల్లో 204.4 మి.మీ. కన్నా ఎక్కువ పడొచ్చని అర్థం. ఆ రోజు పొంగే వాగులోకి బండి దింపొద్దు. మిర్యాలగూడ వైపు కల్లంలో వడ్లు ఆరబోసిన నాన్నకో, బాబాయికో వెంటనే ఫోన్ చేయండి. ‘తుపాను కాదులే’ అని మాత్రం చెప్పకండి!