సీసా మీది ఊరు, నాలుక మీది రుచి

తెలుగునాట 'వైన్స్' అని బోర్డున్న దుకాణంలో వైన్ తప్ప మిగతావన్నీ జోరుగా అమ్ముడవుతాయి. 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న పుదుచ్చేరి సంగతి వేరు. ఇక్కడ వైన్ భోజనంతో పాటు తీసుకునే పానీయం. అయితే ఫ్రెంచి ముద్ర ఉంటే చాలు, రుచి దానంతటదే వస్తుందన్న భ్రమ ఇక్కడా తక్కువేమీ కాదు.

ప్రాంతాలవారీగా వైన్‌ను పోల్చి చూడడం ఈ తీరానికి ఫ్రెంచివారు నేర్పిన విద్యేమీ కాదు. పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం నది ఒడ్డున ఉన్న అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్, 1989-92 మధ్య విమలా బెగ్లీ బృందం తవ్వకాలు జరిపాయి. రెండు చెవుల మట్టి జాడీల ముక్కలు బయటపడ్డాయి. వాటిని పరిశీలించిన ఎలిజబెత్ లైడింగ్ విల్ లెక్క ప్రకారం, ఇటలీలోని కాంపానియా సరుకు కూడా వచ్చినా పైచేయి మాత్రం గ్రీకు దీవి కోస్ తరహా వైన్‌దే. అందులో సముద్రపు నీరు కలిపేవారు. ఆ ఉప్పుతో వైన్ సుదీర్ఘ ప్రయాణాన్ని తట్టుకునేది. క్రీ.పూ. 2వ శతాబ్దపు రోమన్ రచయిత కేటో దాన్ని ఇటలీలోనే ఎలా తయారుచేసుకోవచ్చో రాసిపెట్టాడు. చివరకు కోస్ జాడీ ఆకారాన్నీ ఇటలీవారు అనుకరించారు. పేరున్న సరుకుకు నకళ్లు నిన్నమొన్న పుట్టినవి కావు!

క్రీ.శ. 1వ శతాబ్దపు వర్తక గ్రంథం 'పెరిప్లస్' భరూచ్ రేవుకు వచ్చే వైన్లలో ఇటలీదానికే గిరాకీ ఎక్కువని, లవొదికయ, అరేబియాలవి ఆ తర్వాతేనని చెబుతుంది.

ఇవాళ అలాంటి పోలిక చేయాలంటే ఒకే రకం ద్రాక్షతో వేర్వేరు చోట్ల చేసిన వైన్లను పక్కపక్కన పెట్టుకోవాలి. ఉదాహరణకు కాబర్నే సావిన్యాన్. బోర్డోలో అది శరదృతువు చల్లదనంలో నెమ్మదిగా పండుతుంది. పులుపు నిలుస్తుంది, వగరు గట్టిగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడుతుంది. నాసిక్‌లో తీగకు చలికాలపు నిద్ర లేదు. ఏటా రెండుసార్లు కత్తిరిస్తారు, ఎండలు ముదిరేలోగా కోస్తారు. పండులో తీపి చప్పున పెరిగి పులుపు తగ్గుతుంది. అందుకే ఆ వైన్ బాగా పండిన నేరేడుపండులా నోరంతా నిండుతుంది. బెంగళూరు దగ్గరి నంది కొండల ప్రాంతం ఇంకాస్త ఎత్తున ఉంటుంది, రాత్రులు చల్లన. బోర్డో నిపుణుడు మిషెల్ రోలాన్ సలహాలతో గ్రోవర్ సంస్థ అక్కడ చేసిన 'లా రిజర్వ్' ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది.

తెల్ల వైన్ల విషయంలో నాసిక్‌ను తక్కువ అంచనా వేయకూడదు. 2000లో తొలి సీసాలు తెచ్చిన సులా వంటి సంస్థల షెనిన్ బ్లాంక్‌ను చల్లబరచి పుదుచ్చేరి చేపల వేపుడుతో తీసుకుంటే, బరువైన బోర్డో ఎర్ర వైన్ కన్నా బాగా నప్పుతుంది. వగరు వైన్ చేపతో కలిస్తే నోట్లో ఇనుము రుచి తగులుతుంది మరి.

పోల్చేటప్పుడు సీసాలకు గుడ్డ చుట్టడం మంచిది. తేలికపాటివి ముందు, బరువైనవి తర్వాత. ఎర్ర వైన్‌ను 'గది ఉష్ణోగ్రత'లో ఇవ్వాలన్నది చలిదేశాల మాట. పుదుచ్చేరి మే నెలలో ఆ మాట పాటిస్తే గ్లాసులో మిగిలేది ఆల్కహాల్ ఘాటే. 18 డిగ్రీలు దాటనివ్వకూడదు. ఇక ధర చూసి నాణ్యతను ఊహించడం మరో పొరపాటు. విదేశీ సీసాపై ఏళ్ల తరబడి 150 శాతం దిగుమతి సుంకం పడింది. ఆ డబ్బు ద్రాక్షతోటకు చేరింది కాదు, ఖజానాకు చేరింది.